బిగిసిన ప్రతి ఫిల్టరూ సరిపోయినట్టు కాదు

మా ఇంట్లో ఉన్నది 2013 నాటి హ్యుందాయ్ వెర్నా, 1.6 లీటర్ల పెట్రోలు ఇంజను. వారంటీ ముగిసి చాలా ఏళ్లయింది కనుక సర్వీసింగు బయటి గ్యారేజీల్లోనే చేయిస్తున్నాను. ఆయిల్‌తో పాటు దాన్ని వడకట్టే ఆయిల్ ఫిల్టరు కూడా మార్చిన కిందటి సర్వీసు తర్వాత, కొన్నాళ్లకు బండిలో ఒక తేడా కనబడింది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే సెల్ఫ్ కొడితే, ఇంజను అందుకున్నాక కూడా డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి నూనె కూజా గుర్తు మూడు నాలుగు సెకన్ల దాకా ఆరేది కాదు. అంతసేపూ ఇంజను ఒక పక్క నుంచి గలగలమని ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు వచ్చేది. గుర్తు ఆరిపోగానే చప్పుడూ పోయేది. ఆ రోజంతా మళ్లీ ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా వినబడేది కాదు.

చూపించిన మొదటి గ్యారేజీలో, బానెట్ ఎత్తి కాసేపు విని, టైమింగ్ చైను (ఇంజను లోపల వాల్వులను సమయానికి నడిపే గొలుసు) వదులైందని, కిట్టు మొత్తం మార్చాలని చెప్పారు. ఆ పనికయ్యే ఖర్చు సంగతి అటుంచి, వారి మాట నాకు నచ్చకపోవడానికి వేరే కారణం ఉంది. నేను ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్సులో, ఎక్కువకాలం హైడ్రాలిక్ యంత్రాల దగ్గర పనిచేసి రిటైరైన వాడిని. చైనే బాగా అరిగిపోయి ఉంటే ఆ చప్పుడు పొద్దుటి పూట ఆ కొన్ని సెకన్లకే పరిమితం కాకపోవచ్చు. ఈ ఇంజనులో చైనును బిగించి పట్టే టెన్షనరు ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ అక్కడికి చేరడం ఆలస్యమైతే, చేరేదాకా చైను వదులుగా ఊగుతుంది. కాబట్టి రాత్రి పూట ఆయిల్ ఎక్కడికి జారిపోతోంది, పొద్దున అది తిరిగి పైకెక్కడానికి ఎందుకు ఆలస్యమవుతోంది అన్నది ముందు తేల్చుకోవాలి. 2012లో హ్యుందాయ్ అమెరికాలోని తన డీలర్లకు పంపిన ఒక సాంకేతిక సూచనలోనూ, బయటి తయారీదారుల ఆయిల్ ఫిల్టరు వేసిన బండిలో ఇంజను చప్పుడు వస్తుంటే ముందు కంపెనీ ఫిల్టరు వేసి చూడమనే ఉంది. పైగా అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో తేలిపోయే పరీక్ష అదే.

మా విశాఖపట్నంలోని గాజువాక ఆటోనగర్‌లో నాకు పరిచయమున్న ఒక మెకానిక్ దగ్గర రాత్రికి బండి వదిలి, పొద్దున ఇంజను స్టార్ట్ చేయకముందే ఫిల్టరు విప్పించాను. నా బండిలో ఫిల్టరు ఇంజను ముందు వైపు కింది భాగాన కాస్త వాలుగా, అడ్డంగా ఉంటుంది. ఇలా అడ్డంగా ఉన్న ఫిల్టరులోంచి ఇంజను ఆగాక ఆయిల్ వెనక్కి జారి ఛాంబరులోకి (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) పోకుండా, లోపల ఒక రబ్బరు వాల్వు అడ్డుపడుతుంది. అది సరిగా పనిచేస్తే విప్పిన ఫిల్టరు నిండుగా, బరువుగా చేతికి రావాలి. మాది తేలిగ్గా వచ్చింది. వంచితే కొంచెం ఆయిలే కారింది. డబ్బా మీద ఏదో రంగురంగుల బొమ్మ తప్ప తయారీదారు పేరు, నంబరు ఏవీ లేవు.

దాన్ని వైస్‌లో బిగించి, పైఅంచుకు కాస్త కిందుగా హ్యాక్సా బ్లేడుతో చుట్టూ కోయించాను. (పారేసే ఫిల్టరు కనుక ఇనుప రజను లోపల పడినా బాధ లేదు.) మూత విడదీసి చూస్తే, గొడుగు ఆకారంలో ఉండి లోపలి నుంచి చుట్టుపక్కల రంధ్రాలను కప్పాల్సిన ఆ నల్ల రబ్బరు ఎండిన తాండ్ర ముక్కలా గట్టిపడి, ఒక వైపు అంచు పైకి లేచి ఉంది. ఆ సందులో నా బొటనవేలి గోరు సులువుగా దూరింది. దాని కింద కాగితపు మడతలు ఒకచోట గుంపుగా, మరోచోట విడివిడిగా ఉన్నాయి. మడతల రెండు కొసలు కలిసే చోట జిగురు సగం దాకే ఉంది. ఆ అతుకు ఊడిన చోట ఆయిల్ కాగితం గుండా పోవాల్సిన పని లేకుండా నేరుగా ఇంజనులోకి వెళ్లిపోతుంది. మెకానిక్ దాన్ని చూసి, “ఇది డబ్బాయే సార్, ఫిల్టరు కాదు,” అన్నాడు.

కొత్త ఫిల్టరు ఎంపికకు మొదటి మెట్టు కంపెనీ నంబరు. వెర్నా అని, మోడల్ ఏడాది ఫలానా అని చెప్పి ఫిల్టరు అడిగితే దుకాణదారు ఊహ మీద ఇస్తాడు; ఆర్‌సీలో ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెబితే డీలరు విడిభాగాల కౌంటరులో కంప్యూటరు ఆ బండికి వేయాల్సిన నంబరునే చూపిస్తుంది. నా ఇంజనుకు వచ్చినది 26300-35503 అనే వరస. హ్యుందాయ్‌లో ఈ చివరి అంకె కాలంతో పాటు మారుతూ వచ్చింది. 35503 స్థానంలో 35504, 35505 వచ్చాయి. పాత నంబరు అడిగితే కొత్త నంబరు డబ్బా చేతికిస్తారు. అది తప్పేమీ కాదు, కానీ పాతదాని స్థానంలో కంపెనీయే దాన్ని తెచ్చిందా లేక దుకాణదారు దగ్గర ఉన్నది అంటగడుతున్నాడా అన్నది కౌంటరులోనే అడిగి తేల్చుకోవాలి.

డాబాగార్డెన్స్‌లోని ఒక విడిభాగాల దుకాణానికి వెళ్లి వెర్నా ఆయిల్ ఫిల్టరు అనగానే, ఆ కుర్రాడు లోపలికెళ్లి డబ్బా లేని ఉత్త కాగితపు ఎలిమెంటు ఒకటి తెచ్చి పెట్టాడు. అది డీజిల్ వెర్నాది. ఆ ఇంజనులో ఫిల్టరుకు ఇంజను మీదే ఒక గూడు ఉంటుంది. మూత విప్పి లోపలి ఎలిమెంటు, మూతకున్న రబ్బరు రింగు మాత్రమే మారుస్తారు. పెట్రోలు ఇంజనుకు డబ్బా మొత్తం తిప్పి బిగించే రకం. ఒకే పేరు మీద తిరిగే బండ్లకు ఒకే ఫిల్టరు ఉంటుందని అనుకోవడానికి వీల్లేదని అక్కడే తేలిపోతుంది.

“పెట్రోలుదా సార్? అయితే ఇది వేసుకోండి, అన్నిటికీ పట్టేస్తది,” అంటూ ఆ కుర్రాడు తెచ్చిన రెండోది అసలు చిక్కు. నేను వెర్నియర్ కాలిపరు జేబులో వేసుకునే వెళ్లాను. పాత ఉద్యోగపు అలవాటు పోదు. హ్యుందాయ్, హోండా పెట్రోలు ఇంజన్లలో ఎక్కువ భాగం ఫిల్టరు బిగించే మర 20 మిల్లీమీటర్ల వ్యాసంతో, చుట్టుకు చుట్టుకు మధ్య 1.5 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటుంది. టయోటా పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ముప్పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. అంటే ఈ రెండింటికీ మధ్య తేడా మిల్లీమీటరు కన్నా తక్కువ. కళ్లతో చూసి పోల్చడం కష్టం. ముప్పావు అంగుళపు ఫిల్టరును 20 మిల్లీమీటర్ల స్టడ్డుకు (ఫిల్టరును తిప్పి బిగించడానికి ఇంజను మీద ఉండే మర గొట్టానికి) ఎక్కించబోతే ఎక్కదు, లేదా బలవంతాన మర చెడిపోతుంది. అసలు ప్రమాదం ఇది తారుమారైనప్పుడు. 20 మిల్లీమీటర్ల ఫిల్టరును ముప్పావు అంగుళపు స్టడ్డు మీదికి తిప్పితే కాస్త వదులుగానైనా ఎక్కుతుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది, గ్యారేజీలో కారదు కూడా. తర్వాత ఎప్పుడో ఒత్తిడి పెరిగిన చోట ఊడిపోయి, క్షణాల్లో ఆయిలంతా రోడ్డు మీద పోతుంది. అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా అలా జరిగితే, ఇంజను పట్టేసే లోపు దీపం చూసి ఆపే వ్యవధి కూడా ఉండకపోవచ్చు.

మర సరిపోయినంత మాత్రాన ఎంపిక పూర్తయినట్టు కాదు. రబ్బరు గాస్కెట్టు బయటి, లోపలి వ్యాసాలు ఇంజను మీద నున్నగా చెక్కిన వలయంలోనే కూర్చోవాలి. బైపాస్ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో చూడాలి. కాగితం మురికితో నిండిపోయినా, చల్లని ఇంజనులో ఆయిల్ చిక్కగా ఉన్నా, ఫిల్టరుకు అటూ ఇటూ ఒత్తిడిలో తేడా పెరిగి ఆ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు వడపోయని ఆయిలైనా సరే బేరింగులకు అందుతుంది. మురికి ఆయిల్ వెళ్లడం కన్నా అసలు ఆయిలే వెళ్లకపోవడం ఎక్కువ నష్టం కనుక ఈ ఏర్పాటు. చాలా కార్ల ఫిల్టర్లలో ఇది 1 బార్‌కు అటూ ఇటూగా ఉంటుంది, కానీ అన్నిటికీ ఒకటి కాదు. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఇంజను దిమ్మలోనే ఉంటుంది కనుక వాటి ఫిల్టరులో అది ఉండదు. అలాంటి ఫిల్టరును, వాల్వు అవసరమున్న ఇంజనుకు వేస్తే, మరా గాస్కెట్టూ చక్కగా కుదిరిపోయి ఏ తేడా కనబడదు. దుకాణాల్లో “అన్నిటికీ పట్టేస్తది” అన్న మాటను నేను నమ్మకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

బాష్, ప్యూరొలేటర్, ఎలోఫిక్ వంటి పేరున్న తయారీదారుల కేటలాగుల్లో, కంపెనీ నంబరు పక్కన తమ నంబరు, మర కొలత, ఎత్తు, వ్యాసం ఇస్తారు; కొందరు బైపాస్ ఒత్తిడీ, వెనక్కి జారనివ్వని వాల్వు ఉందో లేదో కూడా ఇస్తారు. నేను ఒక కాగితం మీద ఇవన్నీ ఎదురెదురుగా రాసుకుని, రెండు రకాలను పక్కన పెట్టేశాను. వాటిలో ఒకటి అన్నివిధాలా సరిపోయినా దాని డబ్బా పొడుగు ఎక్కువ. పెద్ద ఫిల్టరులో కాగితం ఎక్కువ ఉంటుందని, అది మంచిదేనని వాదించేవారున్నారు. కానీ నా బండిలో అది కింది కవచానికి దగ్గరగా వస్తుంది, మా మధురవాడ వైపు స్పీడు బ్రేకర్ల ఎత్తు నాకు తెలుసు.

వడపోత సామర్థ్యం గురించి అమ్మేవాళ్లు చెప్పే “99 శాతం” అన్న మాట ఎంత సైజు కణాలకో చెప్పకపోతే దానికి అర్థమే లేదు. ఐ.ఎస్.ఓ. 4548-12 అనే పరీక్షలో, ఇన్ని మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు, అంతకన్నా పెద్ద కణాలు వంద వస్తే ఎన్ని దాటిపోయాయో లెక్క కడతారు. 20 మైక్రాన్ల దగ్గర 99 శాతమంటే ఆ సైజు, అంతకన్నా పెద్ద కణాలు వందకు ఒకటే దాటుతోందని. ఉక్కు కర్మాగారంలో సర్వో వాల్వుల (హైడ్రాలిక్ ఆయిల్ ప్రవాహాన్ని అతి కచ్చితంగా అదుపు చేసే వాల్వుల) దగ్గర మేము దీన్నే బీటా నిష్పత్తి 100 అని, అంటే వచ్చిన కణాలు దాటినవాటికి వంద రెట్లని, చెప్పుకునేవాళ్లం. అక్కడ అంతకన్నా కఠినమైన ఫిల్టర్లే వాడేవాళ్లం, ఎందుకంటే ఆ వాల్వుల్లో ఖాళీలు అంత సన్నం. ఊళ్లో తిరిగే కారుకు నేను ఈ లెక్కల వెంట పడను. గడువు ప్రకారం మార్చే నాణ్యమైన ఫిల్టరు చాలు. సింథటిక్ పొర ఉన్నదానికి అదనంగా పెట్టే డబ్బును గడువుకు ముందే ఆయిల్ మార్చడానికి వాడుకోవడం మేలని నా అభిప్రాయం. మామూలుగా 10,000 కిలోమీటర్లకో సంవత్సరానికో మార్చాలని ఉన్నా, హ్యుందాయ్ మాన్యువల్‌లో ఇంకా ముందే మార్చాల్సిన కఠిన పరిస్థితుల కింద 32 డిగ్రీలు దాటిన వేడిలో కిక్కిరిసిన ట్రాఫిక్‌లో ఎక్కువగా నడిచే బండ్లను కూడా చేర్చారు. ఎన్.ఏ.డి. కూడలి మీదుగా వేసవిలో తిరిగే ఏ బండైనా ఆ లెక్కలోకే వస్తుంది.

చివరికి కంపెనీదే కొన్నాను. నకిలీలు ఎక్కువగా వచ్చేవి కూడా కంపెనీ పేరు మీదే కనుక డబ్బా చేతికి రాగానే ముద్ర చదివాను. తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర, ఫిర్యాదులకు సంప్రదించే వివరాలు ప్యాకెట్ల మీద ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలే చెబుతున్నాయి. అట్ట మీద ఉన్న నంబరూ లోపలి డబ్బా మీద అచ్చైన నంబరూ ఒకటే కావాలి. మోబిస్ (హ్యుందాయ్ అసలు విడిభాగాలు అమ్మే సంస్థ) హోలోగ్రాము ఉందో లేదో చూడడంతో సరిపెట్టకుండా, ఫిల్టరు నోటిలోంచి లోపలికి టార్చి వేసి రబ్బరు వాల్వును అగ్గిపుల్ల వెనక వైపుతో మెల్లగా నొక్కి చూశాను. అది మెత్తగా వంగి వెంటనే తిరిగి రంధ్రాల మీద కూర్చుంది. సముద్రపు గాలి తగిలే ఊరు కనుక డబ్బా మీద రంగు ఎక్కడా లేచిపోలేదని కూడా చూసుకోవాలి. అంచున తుప్పు మొదలైన పాత సరుకు నాకు ఒక చోట కనబడింది.

బిగించేటప్పుడు పెద్ద విశేషాలేమీ లేవు. పాత గాస్కెట్టు ఇంజనుకే అతుక్కుని ఉండిపోలేదని చేత్తో తడిమి చూసి, కొత్త గాస్కెట్టుకు కొత్త ఆయిల్ వేలితో రాసి, గాస్కెట్టు ఆనేదాకా చేత్తో తిప్పి, అక్కడి నుంచి మరో ముప్పావు చుట్టు. బెల్టు రెంచి విప్పడానికే గాని బిగించడానికి కాదని మెకానిక్‌కు గుర్తు చేశాను. అతను నవ్వి, “మీరే బిగించండి సార్,” అన్నాడు. డ్రెయిన్ బోల్టు కింది అల్యూమినియం వాషరును కూడా కొత్తది వేయించాను. ఇంజను కాసేపు నడిపి ఆపి, కింద అట్టముక్క పరిచి కారుతోందేమో చూసి, కొద్ది నిమిషాల తర్వాత కొలపుల్లతో మట్టం సరిచూసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే కూజా గుర్తు ఒక్క సెకనులో ఆరిపోయింది. ఆ గలగల మళ్లీ వినబడలేదు. చైను కిట్టు జోలికి వెళ్లలేదు. తీసిన పాత ఆయిల్‌ను, కోసిన ఫిల్టరును మెకానిక్ దగ్గరున్న డ్రమ్ములోనే వేయించాను. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. ఫిల్టరులో మిగిలే ఆయిల్ కూడా తక్కువేమీ ఉండదు కనుక, పాత ఫిల్టరును అలా ఇచ్చేసే ముందు రాత్రంతా బోర్లించి కార్చేయడం మంచిది.