నా కాలికి ‘ఏమీ లేదు’ అన్నప్పుడు

అమ్మ పెద్దకర్మ అయిన ఆరో రోజు పొద్దున మంచం దిగబోతే కుడి కాలు లేవలేదు. తిమ్మిరేమో అని రుద్దుకున్నాను. నేల మీద ఆనిస్తే నాది కానట్టు జారిపోయింది. పక్షవాతమేమోనని మా ఆయన వెంటనే తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్లారు. ఆ పని ఎవరైనా చేయాల్సిందే. పక్షవాతమైతే, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే మనసు బాగాలేకేమోనని ఇంట్లో కూర్చోకూడదు.

తలకీ నడుముకీ ఎమ్మారై తీశారు, నరాల పరీక్ష చేశారు. అన్నీ నార్మల్. “మీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి” అని బలం మాత్రలు రాసి పంపించారు. ఆ ‘ఏం లేదు’ అనే మాట పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ రోజు నుంచి ఇంట్లో చూపులు మారాయి. దిష్టి తీశారు, పసరు మందు పట్టించారు. మా ఆడపడుచు వంటింట్లో ఎవరితోనో “నాటకాలు” అనడం నా చెవినపడింది. నాకే అనుమానం వచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక కాలు లేపి చూసుకునేదాన్ని. ఒళ్లంతా చెమటలు పట్టేవి గానీ కాలు కదిలేది కాదు. చూసేవాళ్లే లేని చీకట్లో ఎవరి కోసం నటిస్తాం? పెళ్లిళ్ల సీజన్‌లో, కుట్టిస్తానని ఒప్పుకున్న జాకెట్ గుడ్డలన్నీ తిరిగి ఇచ్చేశాను.

నెల తర్వాత ఇంకో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టుల కంటే ముందు నన్ను చూశారు. పడుకోబెట్టి, కుడి మడమ కింద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కమన్నారు. నొక్కలేకపోయాను. ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో అడ్డుపెడుతూ ఎడమ కాలు పైకెత్తమన్నారు. ఎత్తబోయేసరికి కుడి మడమ తనంతట తానే ఆయన అరచేతిని గట్టిగా నొక్కింది! మా ఆయన చెయ్యి పెట్టించి మళ్లీ చూపించారు. దీన్ని హూవర్ సైన్ అంటారట, 1908 నుంచీ తెలిసిన పరీక్షేనట.

“నటన పట్టుకోవడానికి కాదమ్మా, మీ కాలికి బలం ఉందని మీకే చూపిస్తున్నా. తీగ తెగలేదు, కబురు సరిగ్గా అందడం లేదు. లేపాలని ప్రయత్నిస్తే దారి మూసుకుంటోంది, ధ్యాస వేరేచోట ఉంటే తెరుచుకుంటోంది” అన్నారు. జబ్బు పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. ఒకప్పుడు హిస్టీరియా అని ఆడవాళ్లకే అంటగట్టేవారు గానీ, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకూ ఇలాగే కాళ్లు చేతులు పడిపోయాయట. జబ్బుకు పేరుందని తెలిసిన ఆ రాత్రే కంటినిండా నిద్రపోయాను.

ఫిజియోథెరపీ అమ్మాయి “అక్కా, కాలు వంక చూడొద్దు” అంటూ వెనక్కి నడిపించేది, నడుస్తూ నూరు నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించేది. నాది కుట్టుపని అని తెలిసి, ఇంట్లో మిషన్ ముందు కూర్చుని పాత దుప్పటి అంచు కుట్టమంది. చూపంతా సూది మీదే పెట్టాను. రెండు మూరలు కుట్టాక కిందికి చూస్తే కుడి పాదం కూడా తొక్కుతోంది. చూసిన మరుక్షణం ఆగిపోయింది. మళ్లీ సూది వైపు చూశాను.

సైకాలజిస్టు దగ్గరికీ వెళ్లాను. డబ్బులకు ఇబ్బందైన వారాల్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను, ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు. రెండేళ్లు కేన్సర్‌తో ఉన్న అమ్మని నేనే ఎత్తి స్నానానికి తీసుకెళ్లేదాన్ని. పోయిన రోజు వచ్చినవాళ్లకు కాఫీలు అందిస్తూ ఉండిపోయాను. నాలుగో సిట్టింగులో గానీ ఏడుపు రాలేదు. ఇలా అందరికీ ఒక కారణం దొరకదట, ఏ దుఃఖమూ లేనివాళ్లకూ వస్తుందట. కారణం దొరకలేదని జబ్బు లేదనకూడదు.

ఐదు నెలలు పట్టింది. బాగా అలసిన సాయంత్రాల్లో పాదం ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది. పోయిన వారం మా ఆడపడుచు జాకెట్ గుడ్డ తెచ్చి, “కొలతలు పాతవే వదినా” అంది. ఆ పాత మాట ఇద్దరం ఎత్తలేదు. దసరాకి కుట్టివ్వాలి.