అందరు నిన్ను వెదకుచున్నారు (మార్కు 1:37)

అందరికి ప్రభువు నామంల వందనాలు. శ్రమల దినాలు (ఈస్టర్‌కు ముందు ఉపవాస ప్రార్థనల కాలం) వచ్చినయంటే మన వరంగల్ దిక్కు అన్ని పనులు ఒక్కసారే మీద పడ్తయి. చేన్ల మిర్చి ఏరుడు, ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలుడు, ఇంట్ల ఇంటర్ పిల్లలుంటే మార్చిల పరీక్షలు, ఇగ చర్చిలనేమో సాయంత్రం ప్రార్థనలు, శుక్రవారం ఉపవాసం. ఇన్నిట్ల దేవుని దగ్గర కూసునే టైమ్ ఏడికెళ్లి తేవాలె అని అడిగేటోళ్లు మస్తుమంది. దీనికి మనం ఎప్పుడైనా మార్త మరియల సంగతే చెప్పుకుంటం, యేసయ్య ఇంటికొస్తే మరియ ఆయన మాట వినుకుంట కూసుంది, అక్క మార్త పనులల్ల పడ్డది అని, చెప్పి వంటింట్ల ఉన్న ఆడోళ్లనే మందలిస్తం (నాకైతే మార్త అంటే ఎప్పుడు కొంచెం జాలే, ఇంటికొచ్చిన అంతమందికి అన్నం ఎవరు వండాలె మరి). అందుకే ఈసారి మార్కు సువార్త మొదటి అధ్యాయం చూద్దాం, ఎందుకంటే అండ్ల ప్రార్థన మధ్యల డిస్టర్బ్ అయింది యేసయ్యకే.

కపెర్నహూముల ఆ రోజు విశ్రాంతి దినం, అంటే యూదులు ఏ పని చెయ్యని రోజు. సమాజమందిరంల బోధ చేస్తుంటే అపవిత్రాత్మ పట్టినోడు లేచి కేకలు పెట్టిండు, వాన్ని బాగుచేసి సక్కగ శిష్యుడు సీమోను ఇంటికి వస్తే సీమోను అత్త జ్వరంతోని పండుకొని ఉంది, ఆమెను చెయ్యి పట్టి లేపిండు. అప్పటికే మనమైతే ఇయ్యాల్టికి సాలు అనుకుంటం. పొద్దుగూకినంక అసలు జనం మొదలైండ్రు, ఎందుకంటే పొద్దుగూకితే విశ్రాంతి దినం అయిపోతది, ఇగ రోగులను మోసుకొని రావొచ్చు, "పట్టణమంతయు ఆ యింటివాకిట కూడియుండెను" అని రాసిండు మార్కు. ఎంత రాత్రి దాక నడిచిందో రాయలేదు గని, తెల్లారకముందే "ఆయన పెందలకడనే లేచి, యింకను చాల చీకటి యుండగానే బయలుదేరి అరణ్య ప్రదేశమునకు వెళ్లి, అక్కడ ప్రార్థన చేయుచుండెను" అని ఉంది. అంటే సరిగ్గ నిద్ర కూడ అయిందో లేదో.

సీమోను, అతనితోటున్నోళ్లు వెతుక్కుంట పోయి పట్టుకున్నరు, పట్టుకొని అన్న మాట ఇది, "అందరు నిన్ను వెదకుచున్నారు".

ఈ మాటల చెడ్డ ఏముంది చెప్పుండ్రి? సీమోను ఆయనను పాపానికి పిలువలేదు, తమాషా చూద్దాం రమ్మనలేదు, రాత్రి బాగుకాని రోగులు ఇంకెవరన్న వాకిట్ల నిలబడి ఉండొచ్చు, వాళ్ల కోసమే పిలిచిండు. మనలను ప్రార్థనలకెళ్లి లేపేది కూడ ఎక్కువ శాతం ఇసొంటి మంచి పిలుపే. సీరియల్, రీల్స్, క్రికెట్ వీటి గురించి చర్చిల ఎట్లాగూ చెప్తనే ఉంటరు, అవి వదిలెయ్యాలని మనకు తెల్వక కాదు. తెల్వకుండ టైమ్ తినేది ఏదంటే చర్చి వాట్సాప్ గ్రూపు. పొద్దుగాల ఐదింటికి మోకాళ్లేసుకుంటమో లేదో, ఒకరు వాగ్దాన వచనం ఫొటో పెడ్తరు, దానికి నలభై మంది ఆమేన్ కొడ్తరు, ఒకరు ఫలానా అక్కకు ఆపరేషన్ ఉంది ప్రార్థన చెయ్యండి అంటరు, ఇంకొకరు ఆదివారం పాటలు ఏవి అని అడుగుతరు, అన్నీ దేవుని సంగతులే గదా అని చూస్కుంట కూసుంటే తెల్లగ తెల్లారుతది. దేవుని గురించి అరగంట చదివినం గని దేవునితోని ఒక్క మాట మాట్లాడలేదు. చర్చి పెద్దలకు, క్వయిర్ పిల్లలకు, సండేస్కూల్ టీచర్లకు ఈ బాధ మామూలు విశ్వాసుల కన్న ఎక్కువ ఉంటదని నా అభిప్రాయం.

ఇప్పుడు యేసయ్య ఇచ్చిన జవాబు సూడుండ్రి. నన్నెందుకు లేపిన్రని కోపం చెయ్యలేదు. అట్లని వాళ్లెంట కపెర్నహూముకు తిరిగి కూడ పోలేదు. పక్క ఊళ్లల్ల కూడ ప్రకటించాలె, పోదాం రండి, "యిందునిమిత్తమే గదా నేను బయలుదేరి వచ్చితిని" అన్నడు. రాత్రి అంత పేరు వచ్చిన ఊరు, తెల్లారి అందరు ఎదురుచూస్తున్న ఊరు, దాన్ని ఇడిసిపెట్టి పోవుడు చిన్న సంగతి కాదు. ఎవరి పిలుపుకు పోవాలె, ఎవరి పిలుపుకు పోవద్దు అనేది ఆయనకు ఆ చీకట్ల తండ్రి దగ్గరనే తేలిందని నేను అనుకుంట. ఆ కూసునుడు లేకపోతే సీమోను చెప్పిందే ఆయన ఆ రోజు ప్రోగ్రాం అయిపోయేది. మనకు రోజు జరిగేది గదే, ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్ల పనే మన పని.

అయితే ఇక్కడ ఆగితే కొందరు దీన్నే పట్టుకొని, నేను ప్రార్థనల ఉన్న నన్ను లేపొద్దు అని ఇంట్లోళ్ల మీద ఒర్రుతరు, అది ఇంకో రోగం. అందుకే ఆరో అధ్యాయం కూడ చదవాలె. అక్కడ శిష్యులకు అన్నం తినేతందుకు కూడ తీరిక లేకుంటే, ఏకాంతంగ పోయి కొంచెంసేపు అలసట తీర్చుకుందాం రండని యేసయ్యే పడవ ఎక్కించిండు. జనం ఊకుంటరా, ఒడ్డు పొంటి ఉరికి వీళ్ల కన్న ముందే అక్కడికి చేరిన్రు. ఈసారి ఆయన ఇంకో ఊరికి పోదాం అనలేదు, కాపరి లేని గొర్రెల లెక్క ఉన్నరని కనికరపడి బోధ చేసిండు, ఐదు రొట్టెలు రెండు చేపలతోని ఐదువేల మంది మగవాళ్లకు కడుపునిండ పెట్టిండు. మరి ఆ పోయిన ఏకాంతం సంగతి? అందరిని పంపిచ్చినంక "ప్రార్థన చేయుటకు కొండకు వెళ్లెను" అని 46వ వచనంల ఉంది. పొద్దుగాల దొరకనిది రాత్రి ఎతుక్కున్నడు. నాకు ఈ అధ్యాయంల రొట్టెల అద్భుతం కన్న ఈ ఒక్క లైన్ దగ్గర ఎక్కువసేపు ఆగాలనిపిస్తది.

కాజీపేటల రైల్వే డ్యూటీ చేసేటోళ్లకు ఈ వచనం బాగ పనికొస్తది, ఎందుకంటే వాళ్లకు పొద్దు అనేది రోజుకొక టైమ్‌కు వస్తది, నైట్ డ్యూటీ దిగినోనికి నాలుగింటికి లేచి ప్రార్థన చెయ్ అంటే ఎట్ల చేస్తడు. పొద్దుగాల తప్పిపోతే ఇగ ఆ రోజంత పోయిందని బైబిల్ మూసిపెట్టుడు మనం పెట్టుకున్న రూలే, సువార్తల లేదు. మన పక్కన డోర్నకల్‌నే చూడుండ్రి, 1912 డిసెంబర్ 29 నాడు అజరయ్య గారు డోర్నకల్ బిషప్ అయిండ్రు, ఆంగ్లికన్ సంఘంల బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయన, 1945ల చనిపోయేదాక డోర్నకల్ బిషప్‌గనే ఉన్నరు. ఆ కాలంల ఊళ్లల్ల విశ్వాసులు ఎక్కువ మంది కూలినాలి చేసుకునేటోళ్లు, చదువు రానోళ్లు, అందుకని పొలంకెళ్లి ఇంటికి వచ్చినంక రాత్రిపూట ఊరి టీచర్ ప్రార్థన నడిపేటోడు, పాటతోని వాక్యం నేర్పేటోడు. పొద్దంత మడికట్ల ఉన్న మనిషికి దేవుని టైమ్ రాత్రే దొరుకుతది, ఆ టైమ్‌కే సంఘం కూడ సర్దుకుంది.

మా చిన్నమ్మ పద్ధతి ఒకటి చెప్త. మిర్చి ఏరుడుకు కూలోళ్ల ఆటో ఆరు గాకముందే వాకిట్లకు వస్తది, అంతకుముందే టిఫిన్ గిన్నె కట్టుకొని, పొయ్యి ఆర్పి, ఫోన్ తీస్కపోయి బియ్యం డబ్బల పెట్టి మూతేస్తది. అండ్ల మోగుతనే ఉంటది. అమ్మా ఫోన్ వస్తుందే అని మనవడు అంటే, మోగనీ తియ్యరా, బియ్యం వింటయి అంటది. ఆమె ప్రార్థన ఏం పెద్దగ ఉండదు, మనసు కూడ మనకు ఉరికినట్టే ఆమెకు ఉరుకుతది, కాకపోతే ఏం యాదికొస్తే దాన్నే బయటికి చెప్పేస్తది, ప్రభువా మహిళా సంఘం కిస్తు యాదికొచ్చింది దాన్ని నువ్వే చూడు, గ్యాస్ అయిపోవొచ్చింది, పెద్దోని హాల్‌టికెట్ ఇంకా రాలేదు అని. చెప్పి మళ్ల ప్రార్థనలకు వస్తది. ఆలోచనలు వస్తున్నయని దిగులుపడి సగంలనే లేచేటోళ్లకు ఈ పద్ధతి మంచిగుంటది, యాదికొచ్చిన పనిని తోసెయ్యాల్సిన అవసరం లేదు, ఆయనకు అప్పజెప్పి ముందుకు పోవొచ్చు. లేచి పోయి ఆ పని చేసి వస్తం అనుకుంటెనే కథ ఖతం.

కొందరు బైబిలే ఫోన్ల ఉంది మరి డబ్బల ఎట్ల పెడ్తం అంటరు. కండ్లు ఆనని పెద్దోళ్లకు ఫోన్ల అక్షరం పెద్దగ చేసుకోవొచ్చు, చదువు రానోళ్లకు ఆడియో ఉంటది, కాబట్టి ఫోన్ వద్దనే మాట నేను చెప్ప. వయసు పిల్లలు మాత్రం కాగితం బైబిలే పట్టుకుంటే మంచిది, రేటు కూడ అంత ఎక్కువేం కాదు. ఫోన్లనే చదువుతం అంటే ముందే బైబిల్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండ్రి, చదివేటప్పుడు డేటా ఆఫ్ చేసినా అది తెరుసుకుంటది, చర్చి గ్రూపు కూడ ఒక గంట లేటుగ చూస్తే ఎవ్వరేం అనుకోరు.