సీజియానికి రెండు పీకులు

నిన్న నా పీహెచ్‌డీ రివ్యూ (కమిటీ ముందు పని చూపించుకోవడం) గట్టెక్కింది. మే నెలలో జరిగిన రివ్యూ తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అణు చర్యల్లో వెలువడే గామా కిరణాలను కొలిచే డిటెక్టరు కట్టడం నా పీహెచ్‌డీ పని. సీజియం అయోడైడ్ స్ఫటికం, రెండంగుళాలది. గామా తగిలితే అందులో చిన్న మెరుపు పుడుతుంది. వెనకున్న సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ దాన్ని పల్స్‌గా మారుస్తుంది. కెపాసిటర్లు, కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క మధ్యాహ్నంలో దొరికాయి. స్ఫటికం రావడానికి పర్చేజ్ సెక్షన్ పుణ్యమా అని ఏడు నెలలు పట్టింది. పైపులకు చుట్టే టెఫ్లాన్ టేపు, దానిపైన నల్ల టేపు చుట్టి, పది రోజుల్లో కట్టేశా. పరీక్షకి సీజియం-137 అనే రేడియోధార్మిక సోర్సు పెడితే, దాని పీకు, అంటే గ్రాఫులో శిఖరం, 662 కెఈవీ (గామా శక్తికి కొలమానం) దగ్గర 7.4 శాతం రిజల్యూషన్‌తో (శిఖరం వెడల్పు; ఎంత సన్నగా ఉంటే అంత మంచిది) వచ్చింది. చేత్తో చుట్టినదానికి అది బాగా వచ్చినట్టే.

రివ్యూకి ముందు రాత్రంతా డేటా తీసి, సరిగా చూడకుండానే స్లైడ్‌లో పెట్టేశా. అందులో 662 పక్కనే, 590 దగ్గర ఇంకో మూపురం.

"ఏమయ్యా, మీ ల్యాబ్‌లో సీజియం రెండు గామాలిస్తోందా?" అన్నారు కమిటీలో ఒక పెద్దాయన.

"బ్యాక్‌స్కాటర్ సార్" అనేశా. బ్యాక్‌స్కాటర్, అంటే చుట్టుపక్కల వస్తువులకు తగిలి వెనక్కొచ్చే గామా, కనిపించేది 184 దగ్గరని ఎమ్మెస్సీ పిల్లలకీ తెలుసు. గొల్లున నవ్వారు. మా గైడ్ గారు ఫోన్లోకి తలదించేశారు.

తర్వాత మూడు వారాలు కేబుళ్లు మార్చా, ఎర్త్ మార్చా, సోల్డరింగ్ మళ్లీ చేశా. పక్కన కూర్చుంటే పీకు బుద్ధిగా ఒక్కటే. ఇంటికెళ్తే రెండు! చివరికి ప్రతి పల్స్‌కీ టైమ్ రాయించి చూస్తే, సాయంత్రం ఏడు దాటాక పీకు ఎడమకి జారుతోంది. ఆ రోజు అక్కడే ఉండిపోయా. ఏడింటికి సెక్యూరిటీ అన్న వచ్చి ఏసీ మెయిన్ ఆపేశాడు. కరెంటు పొదుపు సర్క్యులరట. 22 డిగ్రీల గది 35కి పోతే ఫోటోమల్టిప్లయర్ గెయిన్ (పల్స్‌ని పెంచే శక్తి) పడిపోతుంది, పీకు జారుతుంది. సగం రాత్రి ఒకచోట, సగం రాత్రి ఇంకోచోట.

ఆఫీసుకెళ్లి చెబితే, "మనుషుల్లేని గదికి ఏసీ ఎందుకండీ?" అన్నారు. డిటెక్టరుకి అంటే, "ఇండెంట్ ఫారంలో రాయలేదుగా" అన్నారు. ఈ దారిలోకొచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒకటే మాట: మొదటి రోజే స్ఫటికం పక్కన థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే చిన్న భాగం) అతికించండి. ఆఫీసుకి లెటర్లు మాత్రం రాయకండి, వయసు వృథా.

థర్మిస్టర్ చూసి వోల్టేజీ సరిచేసే సర్క్యూట్ పెట్టా. అయినా కొంచెం జారుడు మిగిలింది. అది పట్టడానికి ఎప్పుడూ కదలని గీత, అంటే శక్తి ముందే తెలిసిన పీకు, ఒకటి కావాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు సోర్సుల కోసం తిరిగా. తీరా చూస్తే, ల్యాబ్ గచ్చంతా గ్రానైటే! అందులోని పొటాషియం-40 రేయింబవళ్లు 1460 కెఈవీ గామా ఇస్తూనే ఉంది. గంటకోసారి ఆ పీకు చూసి మిగతా స్పెక్ట్రమ్ (పీకుల గ్రాఫు) సరిచేస్తున్నా.

ఇక మిగిలింది బీమ్ టైమ్, అంటే ప్రోటాన్లను వేగంగా దూసుకుపోయేలా చేసే యాక్సిలరేటర్‌పై నాకిచ్చే సమయం. అల్యూమినియాన్ని ప్రోటాన్లతో కొట్టి, పుట్టిన సిలికాన్-28 ఇచ్చే 1779 కెఈవీ గామా పట్టాలి. అక్కడి గచ్చు ఎలాంటిదో, అందుకే ఒక గ్రానైట్ పలక వెంట తీసుకెళ్దామనుకుంటున్నా. లగేజీ బరువు సంగతి గైడ్ గారికి ఇంకా చెప్పలేదు.