నలభై చోట్లు నేర్పడమా, మూడు మూలలు చూపడమా

గత ఏడాది వేసవి చివర ఒక రాత్రి రెండు గంటలకు జడ్చర్ల దగ్గరి ప్యాకింగ్ యూనిట్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ చెప్పిన మాట ఇది: "సార్, డబ్బా చిన్నగైంది గని రోబో పాత లెక్కల్నే పెడ్తున్నది. పైకి వోయినకొద్ది మీదికెల్లి ఇడుస్తున్నది." కోబాట్, అంటే మనుషుల పక్కనే కంచె లేకుండా పనిచేసే రోబో చేయి, పాడవలేదు, సెన్సర్ చెడలేదు, నేను ఏమి నేర్పానో దానినే అది అక్షరం తప్పకుండా చేస్తున్నది. తప్పు నా ప్రోగ్రామ్‌లో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ పనికి నేను ఎంచుకున్న ప్రోగ్రామింగ్ పద్ధతిలోనే ఉంది.

పని చూడడానికి చిన్నది. 1,200 మి.మీ. పొడవు, 800 మి.మీ. వెడల్పు ఉన్న చెక్క ప్యాలెట్ మీద, 400 మి.మీ. పొడవు, 300 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. ఎత్తు ఉన్న అట్టపెట్టెలను పొరకు ఎనిమిది చొప్పున ఐదు పొరలుగా పేర్చాలి. మొత్తం 40 పెట్టెలు. కోబాట్ వచ్చిన మొదటి రోజున నేను చేయిని స్వేచ్ఛగా కదలనిచ్చే ఫ్రీడ్రైవ్ బటన్ నొక్కి, దాని చేతిని పట్టుకొని ఒక్కొక్క చోటికీ నడిపించి, పెట్టె పైన ఒక పాయింట్, దించే చోట ఒక పాయింట్ చొప్పున 80 పాయింట్లను టీచ్ పెండెంట్‌లో, అంటే రోబోకు పని నేర్పే చేతి తెరలో, భద్రపరిచాను. సాయంత్రానికల్లా అది తనంతట తాను పెట్టెలు పేరుస్తుంటే చుట్టూ చేరినవారు ముచ్చటపడ్డారు, నేనూ ముచ్చటపడ్డాను. కోడ్ ఒక్క పంక్తి కూడా రాయకుండా రోబోకు పని నేర్పవచ్చునని కోబాట్ అమ్మేవారు చెప్పే మాట అబద్ధం కాదు. ఆ మాట మొదటి రోజుకు మాత్రమే వర్తిస్తుందని నాకు తెలిసి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ రాత్రి వచ్చిన కొత్త పెట్టె కొలతలు 380, 290, 185. ఎత్తులో తేడా కేవలం 15 మి.మీ. కన్వేయర్ మీద పెట్టెను ఎత్తేటప్పుడు వాక్యూమ్ పట్టు అందేవరకు దిగమని రాసి ఉంది కనుక అక్కడ ఇబ్బంది రాలేదు. దించే చోట మాత్రం ఎత్తులన్నీ పాతవే. మొదటి పొరలో 15 మి.మీ. పైనుంచి వదిలిన పెట్టెను రెండో పొరలో 30, చివరి పొరలో 75 మి.మీ. పైనుంచి వదిలింది. పెట్టెల నడుమ సందులు ఏర్పడి, లారీ ఎక్కించేసరికి ప్యాలెట్ ఊగులాడింది. దాన్ని సరిచేయాలంటే 80 పాయింట్లనూ మళ్లీ నేర్పాలి. రాత్రి రెండు గంటలకు ఆ పని ఆపరేటర్‌కు అప్పగించడం అన్యాయం.

చేయి పట్టి నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. 1960ల చివర నార్వేలో చక్రపు తోపుడుబండ్లు తయారుచేసే ట్రాల్ఫా అనే సంస్థ, వాటికి రంగు చల్లడానికి తయారుచేసుకున్న రోబోకు ఇలాగే నేర్పింది. అనుభవమున్న పెయింటర్ రోబో చేతిని పట్టుకొని బండి చుట్టూ తిప్పితే, ఆ కదలిక మొత్తం నమోదై తిరిగి అలాగే నడిచేది. అక్కడ ఆ పద్ధతి సరైనది, ఎందుకంటే రంగు చల్లే పనిలో నైపుణ్యమంతా మణికట్టు తిరిగే ఒంపులోనే ఉంటుంది. జిగురు పూయడం, అంచులు నునుపు చేయడం కూడా అటువంటి పనులే. పెట్టెలు పేర్చే పనిలో ఆ ఒంపుకు ఏ విలువా లేదు, విలువంతా లెక్కకే. నేను లెక్కను నేర్పవలసిన చోట దారిని నేర్పాను.

ఈ తేడా నాకు పుస్తకాల కంటే ముందు ఆసు దగ్గర తెలిసి ఉండవలసింది. మా అమ్మమ్మ వాళ్లది ఆలేరు వైపు నేతపని ఇల్లు. రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంగా ఉన్న మేకులకూ, మధ్యనున్న మేకుకూ నడుమ వెనక్కీ ముందుకూ తిప్పుతూ ఆసు పోయడం ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, సాయంత్రానికి భుజం పట్టేసేది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే ఆ అవస్థ చూసి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం తల్లి చేతి ఊపును అనుకరించదు. ఏ మేకు చుట్టూ ఎన్ని పోగులు, ఆ తర్వాత ఏ మేకు అన్న లెక్కను మాత్రమే ఉంచుకొని, చేతికి సంబంధించిన మిగతా కదలికనంతా వదిలేసింది. పనిలో ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడమే ప్రోగ్రామింగ్‌లో కష్టమైన భాగమని నేను ఇప్పుడు అనుకుంటున్నాను; పెండెంట్ మీద బటన్లు నొక్కడం ఎవరికైనా వారం రోజుల్లో వస్తుంది.

మర్నాడు ప్రోగ్రామ్ మొత్తం తీసేసి మళ్లీ రాశాను. ఈసారి చేయి పట్టి చూపింది మూడు మూలలే: ప్యాలెట్ మొదలు మూల, పొడవు వెంట ఒక మూల, వెడల్పు వెంట ఒక మూల. ఈ మూడింటితో ప్యాలెట్ ఏ తలం మీద, ఎంత వాలుతో, ఏ దిక్కుకు తిరిగి ఉందో రోబోకు తెలిసిపోతుంది. మిగిలినదంతా గుణకారం: అడ్డంగా ఎన్నో పెట్టె, నిలువుగా ఎన్నో పెట్టె, ఎన్నో పొర అన్న మూడు సంఖ్యలను పెట్టె కొలతలతో గుణిస్తే దించే చోటు వస్తుంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు, పొరల సంఖ్య అనే నాలుగు గడులను తెర మీద ఉంచాను. కొలతలు మారితే ఆపరేటర్ ఆ గడులు నింపుతాడు. ఫోర్క్‌లిఫ్ట్ తగిలి ప్యాలెట్ స్టాండ్ జరిగితే మూడు మూలలు మళ్లీ చూపుతాడు. లెక్క స్క్రిప్ట్‌లో, అంటే రాసిన కోడ్‌లో ఉంది, చోటు చేతితో చూపేదిగా ఉంది. ఈ కలగలుపు పద్ధతే మా యూనిట్‌లో నిలబడింది.

చేతితో చూపేది మూడు మూలలే అయినా, దానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఫ్రీడ్రైవ్‌లో కోబాట్ తన బరువునూ, చివర బిగించిన పనిముట్టు బరువునూ లెక్కించి, వాటికి సరిపడా బలంతో తనను తాను మోసుకుంటుంది. ఒకసారి చిన్న గ్రిప్పర్ తీసి పెద్ద వాక్యూమ్ గ్రిప్పర్ బిగించి, కొత్త బరువు నమోదు చేయడం మరిచాను. బటన్ నొక్కగానే చేయి మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది. దెబ్బ తగలలేదు గాని పరువు పోయింది. నమోదైన బరువు అసలు కంటే ఎక్కువైతే చేయి పైకి లేస్తుంది, తక్కువైతే కిందికి జారుతుంది. బరువుతోపాటు బరువు కేంద్రాన్నీ, పనిముట్టు కొన ఎక్కడుందో దాన్నీ చెప్పకుండా నేర్పిన పాయింట్లను నమ్మడానికి లేదు.

కదలికల విషయంలో నన్ను ఎక్కువ విసిగించినది మూల మలుపు. చేయి ప్రతి పాయింట్ దగ్గరా ఆగకుండా సాఫీగా సాగడానికి మలుపును గుండ్రంగా కోసే వ్యాసార్థం ఇస్తాము. వేగం పెరుగుతుందన్న ఆశతో దాన్ని పెద్దది చేస్తే, చేయి పూర్తిగా పైకి లేవకముందే పక్కకు తిరిగి పక్క పెట్టెను గీరింది. కీళ్లను వాటికి అనువైన దారిలో కదిలించే ఆజ్ఞ దూరప్రయాణానికి మంచిది. పెట్టెల నడుమ దించేటప్పుడు తిన్నని గీత మీద కదిలే ఆజ్ఞే వాడాలి. అయితే చేయి పూర్తిగా చాచుకున్న చోట తిన్నని గీత కోసం కీళ్లు విపరీతమైన వేగంతో తిరగవలసి వచ్చి రోబో ఆగిపోతుంది. దానికి మందు ప్రోగ్రామ్‌లో లేదు. స్టాండ్‌ను దగ్గరకు జరపడమే.

తెర మీద దిమ్మెలు పేర్చినట్టు ఆజ్ఞలు పేర్చే పద్ధతిని కొందరు ఇంజనీర్లు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. ఎత్తు, ఆగు, వాక్యూమ్ వదులు వంటి వరుస కళ్లకు కనబడితే ఆపరేటర్ ఎక్కడ ఆగిందో చెప్పగలడు. వంద దిమ్మెలు దాటితే మాత్రం అది చిక్కుపడిన నూలు. అక్కడ స్క్రిప్టే మేలు. కంప్యూటర్‌లో నమూనా గీసి, లైన్ ఆపకుండా ముందే ప్రోగ్రామ్ తయారుచేసే రోబోడీకే వంటి సాఫ్ట్‌వేర్లు చేయి ఏ మూలకు అందదో చెప్పడానికి బాగా పనికివచ్చాయి, కాని నమూనాలో సమంగా ఉన్న నేల మా షెడ్డులో సమంగా లేదు గనుక మూడు మూలలు చూపడం తప్పలేదు. కెమెరాతో చెల్లాచెదురు వస్తువులను ఏరించాలంటే రాస్, మూవ్‌ఇట్ వంటి పెద్ద రోబో సాఫ్ట్‌వేర్ వ్యవస్థలు కావాలి. వరుసగా వచ్చే అట్టపెట్టెలకు అవి దండగ.

ఆపరేటర్‌కు కొలతలు మార్చే అధికారం ఇచ్చినప్పుడు ఎవరూ అడగకపోయినా నన్ను నేను అడగవలసిన ప్రశ్న భద్రత. కోబాట్ కంచె లేకుండా ఉంటుంది కనుక ఏం మార్చినా ప్రమాదం లేదనుకోవడం తప్పు. మనిషికి తగిలినప్పుడు శరీరంలో ఏ భాగం ఎంత బలాన్ని తట్టుకుంటుందో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2016లో తెచ్చిన టీఎస్ 15066 పత్రం పట్టిక వేసి ఇచ్చింది. పారిశ్రామిక రోబోల భద్రతా ప్రమాణమైన ఐఎస్ఓ 10218కి 2025లో వచ్చిన కొత్త కూర్పులో ఆ విషయాన్ని కలిపేశారు. సురక్షితమనో కాదనో చెప్పవలసింది రోబో గురించి కాదు, దానికి అప్పగించిన మొత్తం పని గురించి అన్నది ఆ ప్రమాణాల సారం. మెత్తగా తగిలే చేతికి పదునైన రేకును పట్టిస్తే అది కత్తే. అందుకే వేగం, బలం, రోబో దాటకూడని హద్దు తలాలు పాస్‌వర్డ్ వెనుక ఉంచాను. వాటిని మార్చితే ప్రమాద అంచనా మళ్లీ చేయాలి. కొలతల గడులకు కూడా హద్దులు రాశాను. 380కి బదులు 3800 అని కొడితే రోబో కదలదు, ఎందుకు కదలదో తెర మీద చెబుతుంది. ఆ మాటలను తెలుగులోనే, కాకపోతే ఇంగ్లిషు అక్షరాలలో రాశాను, మా పెండెంట్‌లో తెలుగు లిపి లేదు గనుక. పాయింట్ల పేర్లు కూడా "ఎత్తే చోటు", "దించే చోటు" అనే ఉంటాయి. బయటినుంచి వచ్చిన ఇంజనీరు ఒకరు వాటిని చూసి నవ్వారు గాని, రాత్రి పూట వాటిని చదవవలసింది ఆయన కాదు.

ఆ తర్వాత పెట్టె కొలతలు మూడుసార్లు మారాయి. ఒక్కసారీ ఫోన్ రాలేదు. మళ్లీ ఫోన్ ఆగస్టులో వచ్చింది, అదీ పగటిపూట. అదే ఆపరేటర్. "సార్, వానకాలం అట్టలు చెమ్మకు ఉబ్బుతున్నయ్. డబ్బాకు డబ్బాకు నడుమ రెండు మిల్లీల జాగ ఉంచేటందుకు ఇంకో గడి పెట్టున్రి. ఎండాకాలం సున్న ఏసుకుంట." నాలుగు పెట్టెల వెడల్పుకు కలిపినా ప్యాలెట్ అంచు దాటదని లెక్క చూసుకొని, ఆ సాయంత్రమే ఐదో గడి చేర్చాను.