నీడలో నిలబడు

"ఎండలో వద్దురా, నీడలో నిలబడు" అన్నాను. మావాడు తన నీడ మీదకి ఓ గెంతు గెంతాడు. అదీ గెంతింది. మళ్ళీ గెంతాడు. "నాన్నా, ఇది నన్ను నిలబడనివ్వట్లేదు" అన్నాడు.

వాడికి ఎనిమిదేళ్ళు. వెక్కిరించాడో, నిజంగానే అలా అర్థమైందో ఇప్పటికీ తెలీదు. చెట్టు కింద చోటు చూపించి ఆ నీడరా అన్నాను. "అది షేడ్, ఇది షాడో. మీ తెలుగులో రెంటికీ ఒకటే మాటా?"

ఆ 'మీ' గుచ్చుకుంది. ఇక్కడ అమెరికాలో తెలుగు బడిలో తోటి తల్లిదండ్రులకి "ఇంట్లో తెలుగే మాట్లాడండి, పిల్లలే దారికొస్తారు" అని సలహాలిచ్చేవాణ్ణి నేనే. కోపమొస్తే ఇంట్లో ఇంగ్లిష్‌లో అరిచేవాణ్ణీ నేనే.

ఓడిపోకూడదని పాఠం మొదలుపెట్టాను. వెలుతురు తిన్నగా పోతుంది, అడ్డొచ్చినదాని చుట్టూ వంగి రాదు. చెట్టు అడ్డొస్తే వెనకాల ఎండ పడని చోటు మిగులుతుంది. నువ్వు అడ్డొచ్చినా అంతే. చెట్టుది పెద్దది కాబట్టి అందులో కూర్చుంటాం, నీది నీ కాళ్ళకే అంటుకుని ఉంటుంది కాబట్టి కూర్చోలేవు. ఒకేదానికి ఇంగ్లిష్ వాళ్ళే అనవసరంగా రెండు పేర్లు పెట్టుకున్నారు. "మరి చెట్టు కింద చీకటిగా ఎందుకు లేదు?" చెట్టు సూర్యుణ్ణి ఆపింది గానీ ఆకాశాన్నంతా ఆపలేదు కదా, గాలి చెదరగొట్టిన వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది అన్నాను.

అక్కడితో ఆపితే గెలిచేవాణ్ణి. "మిట్టమధ్యాహ్నం చూడు, నీడ కాళ్ళ కిందకి వచ్చేస్తుంది" అని గొప్పకి పోయాను. చూపించమన్నాడు.

జూన్ మూడో వారం, శనివారం. ఇంటి ముందు కారు పెట్టే చోట వాణ్ణి నిలబెట్టి, సుద్దముక్కతో నీడ చుట్టూ గీత గీశాను. బూట్ల దగ్గర అంచు స్పష్టంగా ఉంది. తల దగ్గర మసకమసకగా ఉంటే మూడుసార్లు చెరిపి గీశాను. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పుంటాడు, అందుకే దూరం పెరిగేకొద్దీ అంచు చెదురుతుంది. వాడి ఎత్తు 4 అడుగులు. 12 గంటలకి నీడ 25 అంగుళాలు. 1:10కి 22. ఆ తర్వాత మళ్ళీ పెరగడం మొదలైంది.

ఎండాకాలంలో ఇక్కడ గడియారం గంట ముందుకి జరిపి ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అసలు తప్పు అది కూడా కాదు. మేముండే సియాటిల్ 47.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. సూర్యుడు సరిగ్గా తల మీదకి వచ్చేది 23.4 డిగ్రీల అక్షాంశం దాకానే. నడినెత్తి అంటే నేల నుంచి 90 డిగ్రీల ఎత్తు, ఇక్కడ ఎంత ఎండాకాలమైనా 66 దగ్గరే ఆగిపోతాడు. డిసెంబర్‌లో అయితే మధ్యాహ్నం నీడ మనిషికి దాదాపు మూడింతలు. నేనేమో ఏళ్ళ తరబడి "సూర్యుడు నడినెత్తికొచ్చినా లేవవేంరా" అని వాణ్ణి లేపుతున్నాను. ఆ లెక్కన ఈ ఊళ్ళో వాడు ఎప్పటికీ లేవక్కర్లేదు.

పుట్టి పెరిగిన హైదరాబాద్ సంగతీ నాకు తెలీదని ఫోన్‌లో వెతికితే తెలిసింది. నిటారుగా నిలబెట్టిన వస్తువు పక్కన నీడే పడని మధ్యాహ్నాలు అక్కడ ఏడాదికి రెండే, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఆ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుందట. పాతికేళ్ళు అక్కడే తిరిగాను, ఒక్కసారైనా కిందకి చూళ్ళేదు.

ఆగస్టు 3 కలిసేలా టికెట్లు తీశాను. అప్పుడైతే చవక అని మా ఆవిడకి అబద్ధం చెప్పాను. వాడికి తెలుగు నేర్పుతున్నానో, నా మాట నెగ్గించుకుంటున్నానో విమానంలో ఆలోచించాను గానీ తేలలేదు.

ఆ రోజు డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి కూర్చున్నాం. ముసురు. "పిల్లాడికి జలుబు చేస్తుంది, కిందకి రండ్రా" అని అమ్మ కేకలు. 12:23 అయింది. గ్లాసు పక్కన నీడ లేదు. డాబా మీద అసలెక్కడా ఏ నీడా లేదు.

వాడు చుట్టూ చూసి, "నాన్నా, అయితే ఇప్పుడు మనమంతా నీడలోనే ఉన్నట్టా?" అన్నాడు. తెలుగులోనే. ఏ నీడరా అని అడిగేలోపు చినుకులు మొదలయ్యాయి. వాడు ఇంగ్లిష్‌లో ఏదో అరుస్తూ నాయనమ్మ దగ్గరికి మెట్లు దిగిపోయాడు. గ్లాసు నేను తెచ్చుకున్నాను.