చిస్కా హోటల్ నుంచి వినిపించిన గొంతు

అమెరికాలోని మెంఫిస్ నగరానికి వెళ్లేవారిలో చాలామంది రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ నివసించిన గ్రేస్‌లాండ్ భవనాన్ని చూడడానికే వెళతారు. నేను ఆ ఊరు చూడాలనుకున్నది మాత్రం ఎల్విస్ కోసం కాదు, అతని మొదటి రికార్డును మొట్టమొదట రేడియోలో వినిపించిన డ్యూయీ ఫిలిప్స్ అనే డిస్క్ జాకీ కోసం. నాష్‌విల్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే మా అల్లుడు, "ఆయనెవరు మావయ్యగారూ?" అని అడిగాడు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం వింటూ పెరిగిన తరం మాది. మనిషి ముఖం తెలియకుండా గొంతును మాత్రమే అభిమానించడం మాకు కొత్త కాదు కాబట్టి, అలాంటి గొంతు ఒకటి ఎక్కడి నుంచి వచ్చేదో చూడాలనే కుతూహలం నాకు ఎప్పుడూ ఉంటుంది. ఒక శనివారం తెల్లవారుతూనే బయలుదేరి, పడమటి వైపు 200 మైళ్లకు పైగా ప్రయాణించాము. దారిపొడవునా అల్లుడి ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను.

డ్యూయీ 1926లో టెనెసీ రాష్ట్రంలోని క్రంప్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చాక మెంఫిస్ మెయిన్ స్ట్రీట్‌లోని గ్రాంట్స్ దుకాణంలో రికార్డుల విభాగంలో కుదురుకున్నాడు. రికార్డులు అమ్మి ఊరుకోక, మైకు పట్టుకుని పాటలు వినిపిస్తూ, మధ్యమధ్య నోటికొచ్చిన కబుర్లు చెబుతూ దుకాణాన్ని జనంతో నింపేవాడు. 1949లో డబ్ల్యుహెచ్‌బిక్యు రేడియో కేంద్రంలో 'రెడ్ హాట్ అండ్ బ్లూ' అనే కార్యక్రమం అతని చేతికి వచ్చింది. రాత్రి 9 గంటల నుంచి అర్ధరాత్రి దాకా సాగే ఆ కార్యక్రమంలో అతను పాట మధ్యలో మాట్లాడేవాడు, పేర్లు తప్పుగా పలికేవాడు, ప్రకటనలను తనకు తోచినట్టు మార్చి చదివేవాడు. ఏ దుకాణం ప్రకటన చదివినా చివర, ఫిలిప్స్ పంపాడని అక్కడ చెప్పండి అనేవాడు.

ఆ కేంద్రం చిస్కా హోటల్‌లో ఉండేది. మెయిన్ స్ట్రీట్ మీద 1913 నాటి ఆ ఇటుకల భవనం ముందు నుంచి, 2024లో ఆపేసేదాకా, ట్రాలీ బండ్లు పట్టాల మీద గణగణమంటూ వెళ్లేవి. ఆ రోజుల్లో కింది అంతస్తుకూ పై అంతస్తుకూ మధ్య ఉండే మెజనీన్ అంతస్తులో స్టూడియో, కింద వీధిలో జనం, నాలుగడుగులు ఉత్తరానికి నడిస్తే బ్లూస్ అనే నల్లజాతి సంగీతానికి నిలయమైన బీల్ స్ట్రీట్. చాలా ఏళ్లు పాడుబడి ఉన్న హోటల్‌ను ఈమధ్య కాలంలో బాగు చేసి అద్దె ఇళ్లుగా మార్చారు. లోపలికి వెళ్లి చూడడానికి ఇప్పుడు స్టూడియో లేదు. అయినా ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడి చాలాసేపు ఆ కిటికీల వైపే చూశాను. ఇంతదూరం ఒక గోడను చూడడానికి వచ్చామా అన్నట్టు అల్లుడు నా వైపు చూశాడు గాని, మర్యాదస్తుడు కాబట్టి పైకి అనలేదు.

నిజానికి డ్యూయీ గొప్పతనం తెలియాలంటే ఆనాటి మెంఫిస్ ఎలా ఉండేదో తెలియాలి. బడులు, బస్సుల్లో సీట్లు, సినిమా హాళ్లు, భోజనశాలలు అన్నీ తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు. అదే ఊళ్లో డబ్ల్యుడిఐఎ అనే కేంద్రం 1949 నాటికి మొత్తంగా నల్లజాతి శ్రోతల కోసమే కార్యక్రమాలు ప్రసారం చేస్తూ, బి.బి. కింగ్ వంటి కళాకారులకు మైకు అందించింది. అయితే 1954 వరకు ఆ కేంద్రానికి ఉన్నది 250 వాట్ల శక్తి, అదీ పగటి పూట ప్రసారానికి మాత్రమే అనుమతి. పొద్దు గుంకగానే అది మూగబోయేది. ఆ తరువాత బ్లూస్ పాటలు వినాలనుకునే నల్లజాతి శ్రోతలకు రాత్రిపూట దిక్కయినవాడు ఈ తెల్ల కుర్రవాడే. అమ్మానాన్నలు నిద్రపోయాక రేడియో సన్నగా పెట్టుకుని వినే తెల్ల పిల్లలకూ అతనే దిక్కు. చట్టం విడదీసిన రెండు జనాలు ఒకే గంటలో ఒకే పాట వింటున్నారంటే, అది తక్కువ విషయం కాదు.

చిస్కాలో లేని స్టూడియో యూనియన్ అవెన్యూ మీద 706 నంబరు భవనంలో దొరికింది. అది సామ్ ఫిలిప్స్ 1950లో ప్రారంభించిన రికార్డింగ్ కేంద్రం. ఇంటిపేరు ఒకటే అయినా ఈ ఇద్దరూ బంధువులు కారు. ఈనాడు సన్ స్టూడియో పేరుతో సందర్శకులను అనుమతిస్తున్న ఆ చోట, మేడ మీది ప్రదర్శనశాలలో డ్యూయీ కూర్చున్న రేడియో గదిని చిస్కా నుంచి తెచ్చి పెట్టారు. నేను ఊహించుకున్న దానికంటే చాలా ఇరుకైన గది. ఇంత చిన్న చోట నుంచా నగరమంతా మేలుకుని విన్న గోల వచ్చింది అనిపించింది. కింద రికార్డింగ్ గదిలో సామ్ తన చేతులతో అతికించిన శబ్దశోషక పలకలు గోడల మీద, కప్పు మీద అలాగే ఉన్నాయి. ఎల్విస్ నిలబడిన చోటు గుర్తు పెట్టి ఉంది. చివర్లో గైడు ఒక పాతకాలపు మైకు అందిస్తే, సందర్శకులు వరుసగా పట్టుకుని ఫోటోలు తీయించుకున్నారు. అంతవరకు ఉదాసీనంగా ఉన్న అల్లుడు అందరికంటే ఎక్కువసేపు పట్టుకున్నాడు.

1954 జూలై 5వ తేదీ రాత్రి ఈ గదిలోనే 19 ఏళ్ల ఎల్విస్, నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రడప్ పాత పాట 'దట్స్ ఆల్ రైట్'ను కొత్త వేగంతో పాడాడు. సామ్ ఆ రికార్డును తీసుకువెళ్లి డ్యూయీ చేతిలో పెట్టాడు. ఆ వారంలోనే ఒక రాత్రి డ్యూయీ ఆ పాట వేశాడు, మళ్లీ వేశాడు, ఫోన్లు ఆగకపోయేసరికి మళ్లీ మళ్లీ వేశాడు. ఎన్నిసార్లన్నది చెప్పేవారిని బట్టి 7 నుంచి 14 దాకా మారుతుంటుంది. ఎల్విస్ మాత్రం సిగ్గుతో సినిమా హాల్లో దాక్కున్నాడు. తల్లిదండ్రులు వెతికి పట్టుకుని స్టూడియోకు పంపితే, డ్యూయీ అతనితో మామూలుగా కబుర్లాడినట్టే మాట్లాడి, ఇంటర్వ్యూ ఎప్పుడని ఎల్విస్ అడిగితే అప్పటికే అయిపోయిందన్నాడట. మైకు తెరిచి ఉందని ఆ కుర్రవాడికి తెలియదు. ఆ కబుర్లలో ఏ హైస్కూలులో చదివావని అడిగి, హ్యూమ్స్ అనే జవాబు రాబట్టాడు. అది తెల్లపిల్లల బడి. గొంతు విని గాయకుడు నల్లవాడనుకున్న శ్రోతలకు ఆ ఒక్క పేరుతో విషయం తెలిసిపోయింది. ఆ ప్రశ్నలో అతని తెలివీ ఉంది, ఆ ఊరి పక్షపాతాన్ని అతను ఎంత బాగా ఎరిగినవాడో కూడా ఉంది. నాకు ఆ ప్రశ్న మెచ్చుకోదగినదిగానూ తోస్తుంది, మనసుకు ముల్లులాగానూ తోస్తుంది.

నాలుగేళ్లు తిరగకుండానే రేడియో స్వభావం మారింది. లెక్కగట్టిన జాబితా ప్రకారం 40 పాటలనే తిప్పి తిప్పి వేసే పద్ధతి వచ్చింది. తన చేతికి నచ్చిన రికార్డు వేసేవాడికి అందులో చోటెక్కడిది? 1958లో డ్యూయీ ఉద్యోగం పోయింది. కారు ప్రమాదాల్లో దెబ్బతిన్న కాలి నొప్పికి వాడిన మందులు, వాటికి తోడు మద్యం అతన్ని తినేశాయి. చిన్నాచితకా కేంద్రాల్లో పనిచేస్తూ, 1968 సెప్టెంబరులో 42 ఏళ్లకే చనిపోయాడు. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన లొరెయిన్ మోటెల్ చిస్కాకు పది నిమిషాల నడక దూరంలోనే ఉంది. ఆ హత్య జరిగిందీ అదే ఏడాది ఏప్రిల్‌లో. సాయంత్రం అక్కడికీ వెళ్లాము గాని, ఆ చోటు గురించి వేరుగా రాయవలసిందే.

డ్యూయీ ప్రసారాల్లో రికార్డు చేసి దాచినవి కొన్ని ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో కారులో వాటిని పెట్టాము. తుపాకి గుళ్లలా దూసుకువచ్చే ఆ దక్షిణాది యాసలో నాకు సగం మాటలు అందలేదు. అల్లుడే నవ్వుతూ విడమరిచి చెప్పాడు. ఫాల్‌స్టాఫ్ బీరు గురించి డ్యూయీ ఊదరగొట్టడం విన్నాక, అది ఎక్కడ దొరుకుతుందో దారిలో చూద్దామా అని అడిగాడు. దాని తయారీ 2005లోనే ఆగిపోయిందని చెప్పాను.