నీలం చూసి హడలిపోయా, ఎరుపుని వదిలేశా

మల్కాజిగిరిలో మా ఇంట్లో పెదనాన్న వాడిన పాత వాల్వ్ యాంప్లిఫయర్ (గాజు గొట్టాలతో పాటకి జోరు పెంచేది) ఉంది, అందులో ఈఎల్34 అనే పవర్ వాల్వులు నాలుగు, జంటలుగా పనిచేసే పుష్-పుల్ పద్ధతి. మొన్నామధ్య రాత్రి లైట్లాపి పాటలు వింటుంటే రెండు వాల్వుల గాజు లోపల నీలం వెలుగు, పైగా డోలు దెబ్బ పడ్డప్పుడల్లా అదీ కదుల్తోంది. శూన్యంగా ఉండాల్సిన గాజు లోపలికి గాలి చేరిపోయింది, వాల్వులు గోవిందా అనుకున్నా, ఆ రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే కోఠి గుజరాతీ గల్లీలో తెలిసిన మెకానిక్ అన్నకి వీడియో చూపిస్తే నవ్విండు. "గాజు మీదుంటే ఏం గాదు తమ్మీ, ఎలక్ట్రాన్లని గుంజే లోపలి రేకు, గదే ప్లేటు, దానికి తగలకుండ పోయినవి గాజుకి కొట్టుకుంటే గట్లనే మెరుస్తది. లోపల ప్లేట్ల నడుమ ఊదారంగు వస్తేనే గ్యాసు. గాలి చొరవడితే పైన వెండి మచ్చ తెల్లగైతది, అయిందా? కాలే గదా. అది సరే గానీ, ఆ చివర్ది గంత ఎర్రగున్నదేంది?"

నేనేమో అది వాల్వుని లోపల వేడి చేసే హీటర్ తీగ వెలుగే అనుకుని రోజూ చూస్తూ ఊరుకున్నా! ఇంటికొచ్చి చూస్తే హీటర్ కాదు, బూడిదరంగు ప్లేటు మీదే అరచందమామ అంత మచ్చ, పెనం కాలినట్టు. వెంటనే ఆపేసి, చల్లారాక పక్క వాల్వుతో మార్చి కరెంటు మితిమీరకుండా ఆపే సిరీస్ బల్బు పెట్టకుండా (బుద్ధి లేదు) ఆన్ చేశా, రెండు నిమిషాల్లో మళ్లీ అదే సాకెట్లో ఎరుపు. అంటే తప్పు వాల్వుది కాదు.

ఆపేశాక కూడా ఛార్జి దాచుకునే ఫిల్టర్ కెపాసిటర్లని 10కె (పదివేల ఓమ్‌ల) రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, నాలుగు వాల్వులూ పీకి, మీటర్ ప్రోబు క్లిప్పుతో తగిలించాకే పవర్ ఇచ్చా, లోపల 430 వోల్టులు మరి, షాకు గుండె మీదుగా పోకుండా ఒక చెయ్యి జేబులోనే. వాల్వు కరెంటుని అదుపు చేసే గ్రిడ్ కాలు దగ్గర చూస్తే మూడు సాకెట్లలో మైనస్ 38 వోల్టులు, నాలుగో దాంట్లో మైనస్ 13. ముందు స్టేజీ నించి పాటని మాత్రం పంపి డీసీని ఆపాల్సిన 0.22 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ లీకై డీసీని లోపలికి తోస్తోంది, నెగటివ్ తగ్గేసరికి వాల్వు అడ్డూ అదుపూ లేకుండా కరెంటు లాగేస్తోంది.

అదే వయసువి కదా అని నాలుగూ 630 వోల్టులవి కొత్తవి వేశా. సామానుకన్నా ఆటోకే ఎక్కువైంది. బయాస్ (గ్రిడ్‌కిచ్చే ఆ నెగటివ్ వోల్టేజీ) తిప్పి ఒక్కో వాల్వుకి 35 మిల్లీయాంపులు పెట్టా, అంటే ప్లేటు మీద 15 వాట్లు, దాని హద్దు 25. నీలం ఇంకా డోలుతో ఆడుతూనే ఉంది. మొదట ఎర్రబడ్డ వాల్వు మాత్రం ఎంత తిప్పినా 28 మిల్లీయాంపులు దాటట్లేదు, ఎన్ని రోజులు ఉడికిందో పాపం.